మిక్కీ డూలన్ జేబులో కేకు ముక్క

డూయా, అకిల్ దీవి
14 సెప్టెంబరు 1980

ఒరే కోల్మన్,

నీ ఉత్తరం సోమవారం పొద్దున్నే అందింది. పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళే తొందరలో గుమ్మంలో నిలబడే చదివేశాను. మళ్ళీ విరామంలో కూర్చుని చదివాను. సాయంత్రం మావయ్యకి పైకి చదివి వినిపించాను. ఆయన మొత్తం విని, "ఇంకోసారి చదువు, ఆ టీవీ అన్న దగ్గర్నుంచి" అన్నాడు.

లండన్ వాళ్ళ టీవీ నాటకంలో నువ్వు! అదీ వందేళ్ళనాటి దొరల మేడ కథలో! రెండేళ్ళుగా నువ్వు రాసే ఉత్తరాల్లో వానలూ అద్దెగదులూ తప్ప ఏమీ ఉండేవి కావు కాబట్టి, నిజం చెబుతున్నాను, నాకు దిగులుగానే ఉండేది. ఇప్పుడు నువ్వు మళ్ళీ నా తమ్ముడిలా కనబడుతున్నావు.

"గుర్రాలశాలలో పనిచేసే ఐర్లండు మనిషి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. మావయ్య ఊరుకుంటాడా? మర్నాటి నుంచీ ఆయన రొట్టెల వ్యాను ఎక్కడ ఆగితే అక్కడ నీ కథే. కీల్ ఊరు చేరేసరికి నువ్వు గుర్రాలశాలకి పెద్దవాడివి. దీవి చివరికి చేరేసరికి దొర నిన్నడక్కుండా జీను కూడా వేయించడు. మన వీధి విన్నీ గీల్టీ నన్ను దారిలో ఆపి, "గుర్రాలన్నీ మీవాడి చేతికిందేనటగా?" అంది. నేను కాదనలేదు.

మావయ్య ఒక సలహా చెప్పమన్నాడు. "గుర్రం పక్కన నిలబడేటప్పుడు దాని మెడ మీద చెయ్యి ఆన్చి ఉంచమను. అదీ వీడూ ఒకరికొకరు తెలిసినట్టుంటుంది." మరిచిపోకు.

అమ్మ చనిపోయిన వారంలో ఆయన మనిద్దర్నీ వ్యాను ముందుసీట్లో కూర్చోబెట్టుకుని ఈ ఇంటికి తెచ్చినప్పుడు నీకు నాలుగేళ్ళు, నాకు తొమ్మిది. పెళ్ళికాని మగవాడు, ఇద్దరు పిల్లల్ని పెంచగలడా అని ఊరంతా చెవులు కొరుక్కుంది. ఆ ఊరే ఇప్పుడు ఆయన్ని ఆపి మరీ నీ గురించి అడుగుతోంది. ఆ సంబరం నువ్వు చూడాల్సింది.

నీ అక్క,
సబైనా


కిల్‌బర్న్, లండన్
2 నవంబరు 1980

అక్కా,

షూటింగు అయిపోయింది. నా వేషం చిన్నది. పెద్దగా చెప్పుకోవలసిందేం లేదు, మావయ్యతో అలాగే చెప్పు.

పెల్హమ్ అని డైరెక్టరు. మంచివాడే. కేకలు వెయ్యడు. "మేం రాసింది పక్కన పెట్టు, మీ ఊళ్ళో మనిషి నిజంగా ఎలా కూర్చుంటాడో, ఎలా మాట్లాడతాడో నువ్వే చూపించు" అన్నాడు. నన్ను అలా ఎవరూ అడగలేదక్కా. ఇక్కడ బస్సులో నోరు విప్పితే పక్కవాడు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. ఐర్లండువాళ్ళ పేరుతో ఎక్కడ బాంబు పేలినా మన యాసే నేరం. అందుకని రెండేళ్ళుగా సగం మూగవాడిలా తిరిగాను. ఇతను ఆ యాసే కావాలన్నాడు. చూపించాను.

జనవరిలో మన టీవీలో కూడా వేస్తారట. ఎవర్నీ పిలిచి హడావుడి చెయ్యకు.

వానలు పడుతున్నాయి. అద్దెగది అదే. నీకు ఆనందంగా ఉంటుందని రాశాను.

కోల్మన్


డూయా
23 నవంబరు 1980

ఒరే కోల్మన్,

ఎవర్నీ పిలవొద్దన్నావు. సరే, అది ఒకటి. లెక్కపెట్టుకున్నాను.

లండన్ వెళ్ళినా మన మర్యాద పోలేదన్నమాట! మావయ్య విని మురిసిపోయాడు. "చూశావా, వాడు ఇంకా మనవాడే. పొగుడుతుంటే తప్పుకుంటున్నాడు" అన్నాడు. రోజుకి ఇరవై వంటిళ్ళలో టీ కప్పుని రెండుసార్లు వద్దని మూడోసారికి పుచ్చుకునే మనిషి పెంచిన పిల్లాడివి. మొదటి వద్దుకే ఊరుకుంటే పిలిచినవాళ్ళకి మనసు లేనట్టు. మాకు ఆ మాత్రం తెలీదా?

రంగుల టీవీ అద్దెకి తెస్తున్నాం. వంటింట్లో పొయ్యికి ఎదురుగా పెడదామని ఆయన, ముందుగదిలో పెడదామని నేను. ఆయనే గెలుస్తాడు. కుర్చీలు చాలకపోతే బడి బల్లలు రెండు వ్యానులో తెస్తాడట. ఫాదర్‌గారు కూడా వస్తానన్నారు.

గుర్రం మెడ మీద చెయ్యి వేశావా లేదా? ఆ సంగతి రాయనే లేదు. మావయ్య రోజూ అడుగుతున్నాడు.

అక్క


కిల్‌బర్న్
14 డిసెంబరు 1980

అక్కా,

నేను వద్దన్నది మర్యాదకి కాదు. నిజంగానే వద్దు.

మొదటి మూడు భాగాలూ చూడండి, అందులో నేను గుర్రాన్ని పట్టుకుని నిలబడతాను, అంతే. నాలుగో భాగం వచ్చే ఆదివారం మాత్రం మావయ్యని ఎక్కడికైనా తీసుకుపో. వెస్ట్‌పోర్ట్‌లో ఆయన స్నేహితుడు ఉన్నాడుగా, అక్కడికి. ఎందుకని అడక్కు. ఇక్కడ అది పోయిన ఆదివారమే వచ్చేసింది. నేను ఒక్కణ్ణే చూశాను.

ఇంతకన్నా రాయలేను. నామీద ఒట్టు, ఎవర్నీ పిలవకు.

కోల్మన్


డూయా
2 ఫిబ్రవరి 1981

కోల్మన్,

నిన్న చూశాం.

నీ రెండో వద్దుని కూడా లెక్కపెట్టాను. నాలుగో భాగం అన్నావు కదా, ఎవరో అమ్మాయిని ముద్దు పెట్టుకుంటావు కాబోలు, మావయ్య ముందు సిగ్గు కాబోలు అనుకున్నాను. తరవాత ఇంకో అనుమానం వచ్చింది: మేమే నీకు నామోషీ అయ్యామేమో అని. ఆ రోషంతో ఇంకో నలుగుర్ని ఎక్కువ పిలిచాను. తప్పు నాది కూడా.

మొదటి మూడు వారాలూ నువ్వు ఎక్కువగా వెనకనుంచే కనిపించావు. మావయ్య నీ వీపుని కూడా గుర్తుపట్టి, "అదిగో, మెడ మీద చెయ్యి!" అని లేచి నిలబడ్డాడు. అందుకని నిన్న పధ్నాలుగు మంది వచ్చారు. సెయింట్ బ్రిజిడ్ పండగ కదా, విన్నీ కేకు చేసి తెచ్చింది.

టీవీలో దొరసాని వంటింట్లోకి కేకు పళ్ళెం పట్టుకుని వచ్చింది. మిక్కీ డూలన్, అంటే నువ్వు, తాగి తూలుతూ, బూట్లనిండా పేడతో, కుర్చీ అంచున కూర్చున్నాడు. టోపీ తీసి ఎడమ మోకాలికి తొడిగాడు. అక్కడే గుర్తుపట్టాను. టోపీని మోకాలికి తొడిగే మనిషి ఈ దీవిలో ఒక్కడే ఉన్నాడు.

"వద్దమ్మా, ఇప్పుడే తిని వచ్చాను." కిటికీ వైపు చూపు.

"అబ్బే, బండి బయట ఉందమ్మా." సగం లేవడం.

"అంత మాటన్నాక... ఒక్క ముక్క పెట్టండి మరి." కూర్చోవడం, గొంతు సవరించుకోవడం.

గదిలో అందరూ నవ్వారు. ముందు నవ్వింది నేనే, కోల్మన్. మొదటి "వద్దమ్మా"కే నవ్వాను. మనసులో ముందు కలిగింది ముచ్చట. రెండో దానికి మొహం కాలిపోయింది.

తరవాత దొరసాని అటు తిరగ్గానే పళ్ళెంలోది మొత్తం కోటు జేబులో కూరావు. వంటమనిషి కుక్కని ఉసిగొల్పింది. జేబు సంగతి ఇంతకన్నా రాయను. అది వాళ్ళెవరో నీచేత చేయించి ఉంటారనే అనుకుంటున్నాను. అలాగే అనుకోనీ నన్ను.

నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. మావయ్య అప్పుడు కుర్చీ అంచునే ఉన్నాడు. చేతిలో టీ కప్పు, ఎడమ మోకాలికి టోపీ. నెమ్మదిగా టోపీ తీసి కుర్చీ కింద పెట్టాడు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ కనిపించింది.

"కుర్రాడు బాగా చేశాడు," అన్నాడు. ఇంకా, "వ్యానుకి నీళ్ళు పొయ్యాలి," అని బయటికి వెళ్ళిపోయాడు. అందరూ వెళ్ళేదాకా రాలేదు.

ఇవాళ బడి దొడ్లో పిల్లలు టోపీలు మోకాళ్ళకి తొడిగి ఆడుకుంటున్నారు. "వద్దమ్మా, వద్దమ్మా, సరే పెట్టమ్మా!" నేను గంట ముందే కొట్టేశాను.

సబైనా


కిల్‌బర్న్
10 ఫిబ్రవరి 1981

అక్కా,

నువ్వు అనుకుంటానన్నది నిన్ను అనుకోనివ్వలేను. జేబు ఎవరూ చేయించలేదు. నేనే చేశాను.

రిహార్సల్లో మావయ్య కూర్చునేలా కూర్చున్నాను. మూడు వద్దులూ చెప్పాను. సెట్టంతా పగలబడి నవ్వింది. దీపాలు పట్టుకున్నవాళ్ళూ, టీ ఇచ్చే ఆవిడా అందరూ. నాకు ఆ నవ్వు నచ్చిందక్కా. ఈ దేశంలో గదినిండా మనుషులు నన్ను చూసి మొహాలు వెలిగించుకోవడం అదే మొదటిసారి. ఇంకొంచెం కావాలనిపించింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

పెల్హమ్ నన్ను పక్కకి పిలిచి, "ఇది మీవాళ్ళకి బాధగా ఉంటుందా? నీకేమైనా అభ్యంతరమా?" అని అడిగాడు. అడిగాడక్కా. నేను "అబ్బే, లేదండీ" అన్నాను. మన ఊళ్ళో అయితే ఎవరైనా రెండోసారి అడుగుతారు. నేను నిలబడి ఎదురుచూశాను. అతను "మంచిది" అని కెమెరా వైపు తిరిగాడు. రెండోసారి అడిగుంటే చెప్పేసేవాణ్ణని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చెప్పేవాణ్ణి కాదేమో.

మన చిన్నప్పుడు మావయ్య సాయంత్రం వ్యాను దిగి వచ్చి కోటు జేబులోంచి గుడ్డలో చుట్టిన ముక్క తీసేవాడు. పొగాకు పొడి అంటుకుని ఉండేది. నీకు సగం, నాకు సగం. "నేను అక్కడే తిన్నాను" అనేవాడు. నేను నమ్మేవాణ్ణి. నువ్వు నమ్మేదానివి కావని ఇప్పుడు అర్థమవుతోంది, ఎందుకంటే నీ సగంలోంచి ఎప్పుడూ కొంచెం తుంచి ఆయన పళ్ళెంలో పెట్టేదానివి.

మన కోసం మోసుకొచ్చినదాన్ని దొంగసొత్తు చేసి చూపించాను. దేశం దేశమంతా నవ్వింది. దుకాణంలో నన్ను గుర్తుపట్టి, "ఏం మిక్కీ, జేబు చూపించు!" అంటారు. నేను నవ్వి చూపిస్తాను. అది కూడా నీకు చెప్పాలి.

మావయ్యకి ఏం రాయాలో తెలీక నాలుగు కాగితాలు చింపాను.

కోల్మన్


డూయా
1 మార్చి 1981

కోల్మన్,

జేబు నీ పనే అని నాకు తెలుసు. అది ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక్కడి సంగతి చెబుతాను, విను. మొదటి వారం మావయ్య ఏ ఇంట్లోకీ వెళ్ళలేదు. వ్యాను ఆపి, హారను కొట్టి, రొట్టెలు గుమ్మంలోనే ఇచ్చేశాడు. టీకి రమ్మంటే, "ఇవాళ ఆలస్యమైంది" అన్నాడు. ఇరవై ఇళ్ళూ తొమ్మిదింటికే అయిపోతున్నాయి. అంత తొందరగా ముగించి ఆయన ఏం చేస్తున్నాడనుకున్నావు? సముద్రం ఎదురుగా వ్యానులో కూర్చుని, నేను బడినుంచి వచ్చే వేళకి ఇల్లు చేరుతున్నాడు.

విన్నీకి మనసు ఆగలేదు. ఒకరోజు వ్యానుకి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఒరే ఆస్టిన్, ఏంటిరా ఈ బిగదీసుకోడం? జేబులో పెట్టుకునేవాడివని మాకు తెలీదనుకున్నావా? అందుకేగా నీ ముక్క ఎప్పుడూ రెండింతలు కోసేదాన్ని. ఈ వీధిలో అందరం అలాగే కోసేవాళ్ళం. పిల్లలు తినాలని!"

ఓదార్చాననుకుంది పాపం. ఇరవై మూడేళ్ళుగా ఎవరి కంటా పడలేదనుకున్న పని అందరి కళ్ళెదుటా జరిగిందని ఆయనకి అప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చి నాతో, "అందరికీ తెలుసట," అన్నాడు. కోటు విప్పుతూ, "మరి నేనేంటమ్మా, అన్నేళ్ళు ఆ వేషం వేశాను?" అన్నాడు.

ఏటా వీధిలో ఒక్కో ఇంట్లో జరిగే ఇంటిపూజ ఈ ఏడు విన్నీ వంతు. గురువారం ఫాదర్‌గారు వాళ్ళింట్లో పూజ చేశాక వీధి వీధంతా ఫలహారాలకి కూర్చున్నాం. విన్నీ కెటిల్ పట్టుకుని వరసగా అడుగుతోంది. అందరూ వద్దంటున్నారు, ఆమె బతిమాలుతోంది, మామూలే. మావయ్య దగ్గరికి వచ్చింది.

"ఒక కప్పు పొయ్యనా ఆస్టిన్?"

"పొయ్యి."

ఒక్క మాట. విన్నీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. రెండోసారి బతిమాలడానికి నోరు తెరిచి ఉంది, అలాగే ఉండిపోయింది. ఆయన కప్పు చాపి, "ఎలాగూ పుచ్చుకుంటానని మీకందరికీ తెలుసు. ఎందుకు నాటకం?" అన్నాడు. కోపంగా కాదు. అందరూ తమ కప్పుల్లోకి చూసుకున్నారు. ఆ తరవాత ఎవరూ వద్దనలేకపోయారు, ఔననలేకపోయారు. ఫాదర్‌గారు వాన గురించి మాట్లాడారు.

ఇక నీ సంగతి. విన్నీ కూతురు డబ్లిన్ నుంచి పేపరు పంపింది. రెండో సిరీసులో మిక్కీ డూలన్‌కి పెద్ద వేషమట. ఫొటో కూడా వేశారు, జేబులోంచి కేకు తీస్తూ నువ్వు. అభినందనలు. ఇంత ఏడుపు ఉత్తరం రాసి, మళ్ళీ అదే కోటు తొడుక్కున్నావన్నమాట.

ఈస్టరుకి వస్తావా? అడగాలి కాబట్టి అడుగుతున్నాను.

సబైనా


కిల్‌బర్న్
15 మార్చి 1981

అక్కా,

పేపరువాళ్ళు తొందరపడ్డారు. నేను ఒప్పుకోలేదు.

పెల్హమ్ పిలిచి చెప్పినప్పుడు, "నేను చెయ్యనండీ" అన్నాను. అతను కుర్చీ వెనక్కి వాలి నవ్వాడు. "ఒకటి!" అన్నాడు. మళ్ళీ చెప్పాను. "రెండు! ఇంకొక్కటుంది మిక్కీ, నాకు మీ లెక్క తెలుసుగా!" గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. మూడోసారీ, నాలుగోసారీ చెప్పాను. ఎక్కువ కావాలంటున్నాననుకుని వేషం ఇంకా పెంచుతామన్నాడు. చివరికి కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాక అతని మొహం మారింది. పాపం, అతనికి నిజంగానే అర్థం కాలేదు. మనవాడి "వద్దు" అంటే "కావాలి" అని అతనికి నేర్పింది నేనే కదా.

ఇప్పుడు క్రికెల్‌వుడ్‌లో ఇళ్ళు కడుతున్నచోట ఇటుకలు మోస్తున్నాను. మనవాళ్ళే అందరూ. వాళ్ళూ మిక్కీ అనే పిలుస్తారు. టీ వేళకి నా చుట్టూ చేరి, "వద్దమ్మా అను, ఒక్కసారి అను" అంటారు. ఇంగ్లీషువాళ్ళు అన్నదానికన్నా అదే ఎక్కువ తగులుతుంది. అనను.

ఈస్టరుకి రాను. ఏ మొహం పెట్టుకుని వస్తాను? ఆ వంటింట్లో నేను కుర్చీలో ఎలా కూర్చున్నా ఆయనకి అదే గుర్తొస్తుంది. మీ ఇద్దరికీ ఇబ్బంది. రాను.

కోల్మన్


డూయా
29 మార్చి 1981

ఒరే తమ్ముడూ,

పేపరు నమ్మి నిన్ను ఆ మాటన్నాను. క్షమించు. నీ ఉత్తరం చదివి, ఏప్రను కట్టుకునే కూర్చుని ఏడ్చాను. బంగాళాదుంపలు అడుగంటాయి.

నువ్వు "రాను" అన్నావు. ఇదివరకైతే "ఒకటి" అని లెక్కపెట్టి, నవ్వుకుని, మళ్ళీ అడిగేదాన్ని. ఇప్పుడు చేతకావడం లేదు. నీ వద్దుల్ని లెక్కపెట్టే కదా పధ్నాలుగు మందిని పిలిచి ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టాను. ఇది మర్యాద వద్దో నిజం వద్దో నాకు తెలీడం లేదు. మనింట్లో ఎవరి మాట ఏమిటో తెలీకుండా అయిపోయింది.

డిసెంబరు నుంచీ వచ్చిన నీ ఉత్తరాలు మొన్నటిదాకా ఆయనకి చదవలేదు. నిన్న చదివాను, అన్నీ, వరసగా. కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. పొగాకు పొడి అన్న దగ్గర, "గుడ్డలో చుట్టేవాణ్ణి, ఎలా అంటేదో" అని గొణిగాడు. పెల్హమ్ ఒకటి, రెండు అని లెక్కపెట్టిన దగ్గర ఇటు తిరిగాడు. అంతా అయ్యాక కలం అడిగాడు. ఆయన కలం పట్టుకోవడం రొట్టెల చీటీల మీద తప్ప నేనెప్పుడూ చూడలేదు. ఈ కింద రాసింది ఆయనే. నేను దిద్దలేదు.

సబైనా

కోల్మన్. ఒక్కసారే అడుగుతాను. రెండూ మూడూ అడిగే అలవాటు నాకు పోయింది. ఈస్టరుకి వస్తావా. ఆస్టిన్.


కిల్‌బర్న్
5 ఏప్రిల్ 1981

మావయ్యా,

వస్తాను.

మొదటిసారికే ఔనంటుంటే ఎంత సిగ్గుగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు విన్నీ ఇంట్లో నువ్వు "పొయ్యి" అన్నప్పుడు నీకు కలిగినదాంట్లో ఇది సగం కూడా కాదు. అయినా వస్తాను.

గుడ్ ఫ్రైడే ముందురోజు, గురువారం బస్సుకి దిగుతాను. మీరెవరూ బస్సు దగ్గరికి రావద్దు, నేనే నడిచి వస్తానని రాశాను. రాసి కొట్టేశాను.

రండి. ఇద్దరూ రండి.

కోల్మన్